వార్తల్లో పదం: ప్రైవేట్ కీ ఇంపోర్ట్

క్రిప్టో కరెన్సీ వాలెట్‌లో నిజానికి నాణేలు ఉండవు; అవి బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి పద్దులో నమోదై ఉంటాయి, వాటిని ఖర్చు చేసే అధికారాన్నిచ్చే రహస్య సంఖ్యనే ప్రైవేట్ కీ అంటారు. ఆ సంఖ్యను మరో సాఫ్ట్‌వేర్‌లోకి చేర్చుకోవడమే ఇంపోర్ట్. ఆదేశాలను అక్షరాల్లో టైపు చేసి నడిపే కమాండ్ లైన్ సాధనాల్లో ఒకటైన గెత్, ఎథీరియం నెట్‌వర్క్‌కు చెందినది. 64 హెక్సాడెసిమల్ అంకెల్లో కీ రాసి ఉన్న ఫైలును దాని ‘అకౌంట్ ఇంపోర్ట్’ ఆదేశానికి అందిస్తే, అది పాస్‌వర్డ్ అడిగి, కీని గుప్తీకరించి, కీస్టోర్ అనే ఫోల్డరులో భద్రపరుస్తుంది. కీని నేరుగా ఆదేశంలోనే టైపు చేసే సాధనాల్లో, పాత ఆదేశాలను దాచే హిస్టరీ ఫైలులో అది మిగిలిపోయే ప్రమాదం ఉంది కనుక ఫైలు పద్ధతే మేలు. అయితే ఆ మూల ఫైలుకు ఏ రక్షణా ఉండదు కాబట్టి, పని ముగియగానే దాన్ని చెరిపివేయడం తప్పనిసరి.

కీ పరుల చేతికి చిక్కితే లావాదేవీని వెనక్కి తిప్పే బ్యాంకు ఏదీ ఉండదు. అందువల్ల ఆసిఫాబాద్ వంటి పట్టణాల్లోని ఇంటర్నెట్ కేంద్రాల ఉమ్మడి కంప్యూటర్లపై ఈ పని ఎంతమాత్రం తగదు. సాయం చేస్తామంటూ కీ అడిగేవారికి దాన్ని ఇవ్వకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయండి.