లడ్లో: ఒక సంత పట్టణాన్ని చూడటం ఎలా?

ఇంగ్లండ్‌లో ‘మార్కెట్ టౌన్’ అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. మధ్యయుగాల్లో ఏ ఊరు పడితే ఆ ఊరు సంత పెట్టుకోవడానికి వీలుండేది కాదు. రాజు ఇచ్చిన పత్రం వల్లనో, పాత ఆనవాయితీ వల్లనో సంక్రమించిన హక్కు ఉండాలి. అలాంటి హక్కున్న ఊరే సంత పట్టణం. కాబట్టి మీరు ఇటువంటి ఊరికి వెళ్లినప్పుడు ముందుగా కోటను కాదు, సంత జరిగే చోటును వెతకండి. మిగిలినవన్నీ అక్కడినుంచే అర్థమవుతాయి. ఈ పాఠంలో ఉదాహరణగా లడ్లోను తీసుకుందాం.

లడ్లో ష్రాప్‌షైర్ దక్షిణ భాగంలో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, టీమ్ నది ఒడ్డున ఒక గుట్టమీద ఉంది. జనాభా 10,000 పైచిలుకు మాత్రమే. ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్‌ల మధ్య నడిచే రైలు ఇక్కడ ఆగుతుంది. కోట ముందరి ఖాళీ స్థలం పేరు కాజిల్ స్క్వేర్. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఇక్కడ సంత జరుగుతుంది. మీ ప్రయాణాన్ని ఆ రోజుల్లో ఒకదానికి కుదుర్చుకోండి.

తొలి రోజుల్లో కోట దగ్గరనుంచి బుల్ రింగ్ అనే కూడలి దాకా వెడల్పాటి సంత వీధి ఒకటి ఉండేది. వర్తకులు పొద్దున వేసి సాయంత్రం తీసేసే అంగళ్లు క్రమంగా గోడలు లేపుకుని ఇళ్లయ్యాయి. ఈ రోజు మీరు నడిచే హార్ప్ లేన్ వంటి ఇరుకు సందులు అలా పుట్టినవే. ఆక్రమణ అన్నది మన మున్సిపాలిటీలలో మాత్రమే కనిపించే విద్య కాదన్నమాట! స్క్వేర్ మధ్యలో 1887లో కట్టిన ఎర్ర ఇటుకల మార్కెట్ భవనాన్ని 1986లో కూల్చేశారు. ఇప్పుడు సంత మళ్లీ ఆకాశం కిందే సాగుతోంది. నా ఉద్దేశంలో ఊరికి అదే మేలు చేసింది.

అక్కడికి దగ్గరలోనే సెయింట్ లారెన్స్ చర్చి ఉంది. గాయకులు కూర్చునే చోట మడిచే పీటలుంటాయి. వాటి అడుగుభాగాన మధ్యయుగపు చెక్కడాలున్నాయి. ఒకదానిలో, కొలతలో మోసం చేసిన బీరు అమ్మకందారు స్త్రీని దయ్యం భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతుంటుంది. ఆమె చేతిలో కొలపాత్ర అలాగే ఉంటుంది. చర్చిలో ఈ బొమ్మకేం పని అని మీకు సందేహం రావచ్చు. ఊరి బతుకంతా తూకం, కొలత మీద ఆధారపడినప్పుడు దొంగ కొలత పాపాల్లోకెల్లా పెద్ద పాపం అవుతుంది కదా!

ఇక కోట. నార్మన్ల కాలంలో, 11వ శతాబ్దం చివర్లో, డి లేసీ వంశీయులు దీన్ని మొదలుపెట్టారు. లోపలి ఆవరణలోని గుండ్రటి ప్రార్థనామందిరాన్ని చూడకుండా రాకండి. 8వ హెన్రీ అన్న ఆర్థర్ 1502లో ఈ కోటలోనే మరణించాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివే మీకు మరో విశేషం: మిల్టన్ ‘కోమస్’ను 1634లో మొదటిసారి ఇక్కడే ప్రదర్శించారు. వేల్స్‌నూ సరిహద్దు జిల్లాలనూ పాలించే మండలికి లడ్లో కేంద్రం. 1689లో ఆ మండలి రద్దయింది. పట్టించుకునేవారు లేక కోట శిథిలమైంది. అధికారం పోయినా ఊరు నిలిచిందంటే, అందులో సంతకూ, వృత్తులకూ, చుట్టుపక్కల రైతులకూ చాలా భాగం ఉంది.

శిథిలమైన ఆ కోటను 1811లో ప్రభుత్వం నుంచి 1,560 పౌండ్లకు కొన్నవాడు ఎడ్వర్డ్ క్లైవ్. ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ కొడుకు. ఇతడు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాం రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేసింది ఇతని హయాంలోనే. మరుసటి ఏడాది ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు ప్రాంతం కూడా కంపెనీ పాలనలోకి పోయింది. కోట నేటికీ ఆ పోవిస్ వంశపు ఎస్టేటు అధీనంలోనే ఉంది. మీరు అక్కడ టికెట్టు కొనేటప్పుడు మిల్టన్‌తో పాటు దత్తమండలాలనూ తలచుకోండి. అనంతపురం, కడప విద్యార్థులకు ఇది పరాయి చరిత్ర కాదు.

తిండి సంగతికి వస్తే, 1995 నుంచి ఇక్కడ ఆహారోత్సవం జరుగుతోంది. ఊళ్లోని మాంసం దుకాణాలవారు తమ తమ సాసేజ్‌లు పెడతారు. టికెట్టు కొన్నవారు ఒక్కోటి రుచి చూసి ఓటు వేస్తారు. హైబిస్కస్ అనే పేరున్న రెస్టారెంట్ ఇక్కడినుంచి 2007లో లండన్‌కు తరలిపోయింది. అంతటితో ఊరి పేరు తగ్గలేదు. దుకాణాల్లో ‘ష్రాప్‌షైర్ బ్లూ’ అనే నారింజ రంగు జున్ను కనిపిస్తుంది. పేరు ష్రాప్‌షైర్‌దే గానీ మొదట తయారుచేసింది స్కాట్లాండులో. ఫిడ్జెట్ పై మాత్రం నిజంగా ఈ ప్రాంతపుదే. పంది మాంసం, ఆపిల్, ఉల్లిపాయ కలిపి పిండిపొరలో కాలుస్తారు. శాకాహారులు జున్ను, ఉల్లి పెట్టిన పేస్ట్రీనో, కాల్చిన బంగాళాదుంపనో అడగండి.

పబ్బుల్లో చాలాచోట్ల మీ బల్ల దగ్గరికి ఎవరూ రారు. మీరే కౌంటరు దగ్గరికి వెళ్లి, బల్ల నంబరు చెప్పి, డబ్బు కట్టి రావాలి. చాలా వంటశాలలు మధ్యాహ్నం రెండు, రెండున్నరకే మూసేస్తాయి. అందుకని సంత, చర్చి పొద్దున్నే చూసి, ఒంటిగంటకల్లా భోజనానికి కూర్చోండి. కోటకు మధ్యాహ్నం వెళ్లవచ్చు.