పాత లాప్‌టాప్ కొంటున్నారా?

కాలేజీలో చేరిన అమ్మాయి లాప్‌టాప్ కావాలంటోందా? బడ్జెట్ చూస్తే అంతంతమాత్రమా? దిగులు పడకండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్లకు, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది.

ఆఫీసులు వాడి అమ్మేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటివి చూడండి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండాలి. బరువు కిలోన్నర లోపుంటే బస్సులో మోసుకెళ్ళడం తేలిక.

డబ్బు చేతిలో పెట్టకముందే, మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో మిషన్ ఆన్ చేయించండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ లోపలున్నదేదీ చెరిగిపోదు. వైఫై, స్పీకరు, కెమెరా, కీబోర్డు పనిచేస్తున్నదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కూడా చూడండి.

ఒక్క మాట! విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా కావాలేమో కాలేజీలో ముందుగా కనుక్కోమనండి. అలాంటిది ఉంటే ఈ బేరం మీకు కాదు.