శిశువులలో లైంగికాభివృద్ధి వ్యత్యాసాలు

క్రోమోజోములు, బీజగ్రంథులు, జననాంగాల నిర్మాణం సాధారణ స్త్రీ, పురుష క్రమాలకు భిన్నంగా ఏర్పడే పుట్టుక స్థితులను లైంగికాభివృద్ధి వ్యత్యాసాలు అంటారు. 2006 నాటి అంతర్జాతీయ వైద్య నిపుణుల ఒడంబడిక, అవమానకరమైన పాత పేర్లను విడనాడమని సూచించింది.

కారణం

వీటిలో ముఖ్యమైనది కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా. 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము లోపం వలన అడ్రినల్ గ్రంథులలో కార్టిసాల్ తగ్గి, పురుష హార్మోనులు పెరుగుతాయి. అందువలన ఆడశిశువు జననాంగాలు మగశిశువు వాటిని పోలి ఉండవచ్చు. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుండీ సంక్రమిస్తేనే ఈ వ్యాధి వస్తుంది. కనుక మేనరికాలలో దీనికి అవకాశం ఎక్కువ.

నిర్ధారణ

సందేహమున్నపుడు పరీక్షలు ముగియకుండా ఆడ, మగ అని ప్రకటించరాదు. క్రోమోజోముల పరీక్ష, రక్తంలో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్, సోడియం, పొటాషియం కొలతలు, అల్ట్రాసౌండు అవసరం. తీవ్రరూపంలో, పుట్టిన 1-3 వారాలలో లవణాలు కోల్పోయి, వాంతులు, నీరసంతో శిశువు మరణించవచ్చు. మగశిశువులలో బాహ్యలక్షణాలు కనబడవు కనుక వారికే ముప్పు ఎక్కువ. మురమళ్ళ వంటి కోనసీమ గ్రామాలలో ఈ లక్షణాలున్న శిశువును ఆలస్యం చేయక కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రికి చేర్చాలి.

చికిత్స

హైడ్రోకార్టిసోన్ జీవితాంతం వాడాలి. లవణాలు కోల్పోయేవారికి ఫ్లూడ్రోకార్టిసోన్, పసితనంలో ఉప్పు కూడా ఇస్తారు. జ్వరం వచ్చినపుడు వైద్యుని సలహాపై హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచాలి; మందు ఆపితే ప్రాణాపాయం. జననాంగ శస్త్రచికిత్సలపై భిన్నాభిప్రాయాలున్నాయి. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు ననుసరించి తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయ స్థితిలో తప్ప, శిశువులకు ఇట్టి శస్త్రచికిత్సలను నిషేధించింది.