తక్కువ జేబున్న మిత్రుడూ రావాలి!

మిత్రులతో రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దామంటే ముందు అడ్డొచ్చేది డబ్బే. ఖమ్మం వాసులకు పర్ణశాల అందుబాటులో ఉన్న చోటు. ఖమ్మం నుంచి భద్రాచలం బస్సులో సుమారు 120 కి.మీ., అక్కడి నుంచి మరో 35 కి.మీ. రైల్లో వచ్చేవారు పొరబడకూడదు. ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగాక భద్రాచలానికి ఇంకా 40 కి.మీ. ఉంటుంది.

వరదల రోజుల్లో వెళ్ళకండి. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

పర్ణశాల హిందూ సోదరులకు పవిత్ర స్థలం. భద్రాద్రి కల్యాణానికి ముత్యాలు పంపే ఆనవాయితీ గోల్కొండ పాలకుడు తానీషా నాటిదని చెబుతారు. ఆ మర్యాద మన నడవడిలోనూ కనిపించాలి.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమన్నారు దైవప్రవక్త (స). ఉమ్మడి సొమ్ము ఆయన చేతిలో ఉంచండి. అది అమానతు, తిరిగొచ్చాక పైసా పైసా లెక్క చెప్పాలి. అయితే తలా ఎంత వేసుకోవాలన్నది అందరికన్నా తక్కువ సంపాదించే మిత్రుణ్ణి చూసి నిర్ణయించండి. లేదంటే అతను “పనుంది, రాలేను” అంటాడు. అసలు కారణం చెప్పడు. స్నేహం అక్కడే బీటలు వారుతుంది.

ఇంత దూరం వెళ్ళే ముసాఫిర్‌కు జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల్లో నాలుగు ఫర్జ్ రకాతులు రెండే అవుతాయి. అల్లాహ్ ప్రయాణికుని భారం అంతగా తగ్గించాడు. పక్క సీట్లో కూర్చునే మిత్రుని భారం మనం కొంతైనా తగ్గించలేమా?