ఆఱువందల యేండ్ల మేళము



నేను మాచర్లవాడను. ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. సంగీతమున నాకు ప్రవేశము లేదు. అట్టి నేను ఒక మేళమును గూర్చి ప్రసంగింప బూనుటకు మా మనుమడు కారణము. వాడొకనాడు తన చేతి యంత్రమున దొరల పాటకచ్చేరి నొకదానిని నాకు చూపెను. వేలాది జనము, కన్నులు చెదరు దీపములు, చెవులు పగులు మ్రోత. వాని నడుమ ఎనుబది యేండ్లు దాటిన వృద్ధుడొకడు గంతులిడుచు పాడుచుండెను. అది రోలింగ్ స్టోన్స్ అను మేళము. 1962లో లండను నగరమున ఏర్పడినది. ఇట్టివానిని రాక్ బాండు లందురు. వారి డ్రమ్ముల వాయిద్యగాడు చార్లీ వాట్స్ 2021లో గతించెను. అయినను మేళము నిలిచిపోలేదు. 2024లో సైతము అమెరికాలో ఊరూర పాడినది.

"తాతయ్యా, అరవై ఏళ్లయినా విడిపోని బాండు ఇంకెక్కడన్నా ఉందా?" అని వాడడిగెను.

"ఉందిరా, మన కారెంపూడిలో" అంటిని. వాడు నవ్వెను. నవ్వినందులకు వానిని దూషింపను. ఆ వయసున నేనును అంతకంటె తెలివిగలవాడను గాను.

పలనాటి యుద్ధ మెట్లు పుట్టినదో మీకు నేను చెప్ప నక్కఱలేదు. పన్నెండవ శతాబ్ది కడపటి భాగమున గురజాల నలగామరాజునకును, మన మాచర్ల మలిదేవరాజునకును పొసగకపోవుట, కోడిపోరు, ఏడేండ్ల వలస, అలరాజు మరణము, తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడి రణము. ఇవి మన పిల్లలు ఉగ్గుపాలతో వినిన మాటలు. కాని ఈ మాటలు మన చెవులదాక ఎవరు తెచ్చిరని మన మడుగుట యరుదు. తెచ్చినవారు వీరవిద్యావంతులు. మాలకులమున పుట్టి, వీరుల కథ పాడుటయే విద్యగా, వ్రతముగా గైకొన్నవారు. బ్రహ్మనాయుడు కన్నకొడుకుతో సమానముగా చూచుకొన్న కన్నమదాసు వారి కులమువాడే యని మీరెఱుగుదురు.

వారి మేళము పెద్దది కాదు. నడుమ ప్రధాన గాయకుడు కత్తి చేతబట్టి నిలుచును. ప్రక్కల పంబజోడు, తిత్తి, తాళము. తిత్తి యనగా గాలి నింపిన తోలుసంచి. అది యెడతెగక ఒక్క శ్రుతి నిచ్చుచుండును. గాయకుడు పాదము నెత్తుకొని ముగింపునకు వచ్చునప్పటికి వంతవాడు దాని నందుకొనును. ఆ లిప్తకాలమున గాయకుడు ఊపిరి దీసికొని తరువాతి పాదమును మనసున కూర్చుకొనును. రాత్రి యెల్ల కథ నడుచుటకు ఇదియే కీలకము. పాట అలసినప్పుడు వచనము, వచనము చల్లబడినప్పుడు మరల పాట. పోరు ఘట్టము వచ్చినప్పుడు పంబ వేగము హెచ్చును. వినువారిలో కొందఱికి వీరులు పూనుదురు. గాయకుడు కత్తిని త్రిప్పు తీరునుబట్టియే వాయిద్యగాండ్రు రాబోవు నడకను తెలిసికొందురని నా కొక వృద్ధుడు చెప్పెను. మా మనుమని బాండులో గిటారు పట్టినవాడు తలయూపి చేయు సైగ యిట్టిదే కాబోలు.

ఈ మేళ మెన్నాళ్లది? క్రీడాభిరామమను కావ్యము నెఱిగినవారు మీలో నుందురు. దాదాపు ఆఱువందల యేండ్ల నాటిది. దానిలో ఓరుగల్లు వీథిలో ఒక స్త్రీ వీరవాద్యము మ్రోయించుచు, ద్విపదలో వీరుల కథ పాడినట్లును, ఆ పాట కక్షరమక్షరమునకు పడుచువాండ్రు ఊగిపోయినట్లును వర్ణన యున్నది. నేను చిన్ననాట కారెంపూడిలో చూచినదియు అదియే. భేద మొక్కటే: నేను చూచిన గాయకు లందఱును పురుషులు. ఆ స్త్రీ గొంతు ఏ తరమున ఆగిపోయినదో గాని, ఆమె యెత్తుకొన్న కథ మాత్ర మాగలేదు.

ఇక నా సంగతి. పండ్రెండేండ్ల ప్రాయమున మా తాతగారి వెంట తొలిసారి కారెంపూడి తిరునాళ్లకు పోయితిని. ఆయన నన్ను గాయకులకు దూరముగా ఒక అరుగుమీద కూర్చుండబెట్టి, దగ్గఱకు పోవలదని కట్టడి చేసిరి. ఆ రాత్రి వారు పాడుచున్నది చాపకూటి ఘట్టము. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి కుడిపిన కథను, చాపకు దూరముగా కూర్చుండి వింటిని. నాకప్పు డది వింతగా తోపలేదు. తోపకపోవుటయే ఇప్పుడు వింతగా నున్నది.

తరువాత చదువు వచ్చెను; దానితోపాటు గర్వమును వచ్చెను. శ్రీనాథుని కృతిగా అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు 1911లో ప్రకటించిన పల్నాటి వీరచరిత్ర నా చేత పడెను. అచ్చుపుస్తకమే ప్రమాణమనియు, పాడువారి పాఠ మపభ్రంశమనియు నేను నిశ్చయించుకొంటిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక తిరునాళ్లలో, కథ ముగిసిన పిదప, వృద్ధ గాయకుని సమీపించి, బాలచంద్రుడు యుద్ధమునకు వెడలు ఘట్టమున నీవు తప్పు పాడితివి, గ్రంథమున నిట్లున్నదని దిద్దబోతిని. ఆయన కోపింపలేదు. కత్తిని గుడ్డతో తుడుచుచు, "మీ పుస్తకంలో బాలుడొక్కడే గదండీ యుద్ధానికి పోయేది. తతిమ్మా వీరుల్ని ఎవరు పంపాలి పంతులుగారూ?" అనెను.

నాకు మాట పెగలలేదు. ఏలయన ఆయన చెప్పినది నిజము. శ్రీనాథుని పేర మనకు దక్కినది ప్రధానముగా బాలచంద్రుని యుద్ధభాగమే. ముందుకథయు, వెనుకకథయు, ఒక్కొక్క వీరుని చరిత్రయు విద్యావంతుల కంఠమున నిలిచినవి. నేను చేతబట్టిన పుస్తకము చెట్టులో ఒక కొమ్మ. నాకంటె ముందే ఈ సంగతిని గ్రహించి, దూరదేశమునుండి వచ్చినవా డొకడుండెను. జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు 1970 దశకమున ఇచ్చటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య యను గాయకునిచే కథను పాడించి, యంత్రమున నెక్కించుకొని, ఆంగ్లానువాదముతో 1982లో గ్రంథము ప్రకటించెను. ఇంటిముందరి మేళమును చూచుటకు సముద్రము దాటి యొకడు రావలసివచ్చెను!

మేళము ఇంతకాలము నిలుచుటకు కారణ మేమి? మా మనుమని బాండు నిలిచినది దాని కీర్తివలన, జనాదరమువలన, కొంత ధనమువలనను. మన మేళమునకు కీర్తి తక్కువ, ధనము లేనేలేదు. దానికి గలది ఒక తిథి. ఏటేట కార్తిక అమావాస్యకు వీరుల కొణతములు ఊరూరనుండి కారెంపూడి వీరులగుడికి వచ్చును. అవి నాగులేట స్నానమాడి లేచిన పిదప ఎవరో ఒకరు కథ నెత్తుకొని తీరవలెను. పాడువాడు మంచమున పడినను తిథి యాగదు. కనుక వానికొడుకో మేనల్లుడో కత్తి నందుకొనవలసినదే. నే నెఱిగిన ఒక మేళమున ఒక బాలుడు మొదట తాళము పట్టెను. కొన్నేండ్లకు వంత పాడెను. ఇప్పుడు నెఱసిన తలతో కత్తి పట్టియున్నాడు. వాని ప్రక్కన వంత పాడువాడు పగలు ఆటో నడుపుకొనుచున్నాడు.

క్రిందటి కార్తికమున మా మనుమని వెంటబెట్టుకొని పోయితిని. నడిరేయి దాటిన పిదప పెద్ద గాయకునికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి పాట తెగెను. పంబ యాగలేదు. ఆటోవాడు తెగినచోటనే అందుకొని, కత్తి లేకయే, ఆ ఘట్టమును కడముట్ట పాడెను. మా వాడు యంత్రమును జేబులో పెట్టుకొని, జరుగుచు జరుగుచు పోయి, తిత్తి యూదువాని మోకాలికి తగులునట్లు కూర్చుండెను. నేనును పోయి వాని ప్రక్కన కూర్చుంటిని.

తిరునాళ్లు అయిదు దినములు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కథ వినగోరువారు మందపోరునాడు ప్రొద్దుగ్రుంకక మున్నే వచ్చిన దగ్గఱ చోటు దొరకును. ఏటి యొడ్డు గనుక చలి మెండు, కంబళి తెచ్చుకొనుడు.