కొండదారియు గేరుపెట్టెయు

తిరుపతినుండి తిరుమలకు వాహనములు పోవుటకు రెండు ఘాటురోడ్లు కలవు. 1944లో ఏర్పడిన మొదటి మార్గమున నేడు వాహనములు దిగుచుండును. 1974లో ఏర్పడిన రెండవ మార్గమున ఎక్కుచుండును. రెండును ఇంచుమించు సమానమైన పొడవు గలవే. వేగమును అరికట్టుటకై దేవస్థానమువారు ప్రయాణమునకు కనీస కాలమును నిర్ణయించిరి. ఎక్కుటకు 28 నిమిషములు. దిగుటకు 40 నిమిషములు. అంతకంటె త్వరగా చేరరాదు.

ఇందొక వింత కలదు. ఎక్కుట కష్టమనియు, దిగుట సులభమనియు అందరును తలంతురు. అట్లయిన దిగుటకే ఎక్కువ కాలమేల? దీనికి సమాధానము కారులోని గేరుపెట్టెను గూర్చి తెలిసికొన్నచో దొరకును.

తిరుమల తిరుపతికంటె సుమారు 700 మీటర్లు ఎత్తున నున్నది. మనుష్యులతోను సామానులతోను కలిపి వేయి కిలోగ్రాముల బరువు గల చిన్నకారు కొండమీదికి చేరుటకు, ఇంజను ఆ బరువును 700 మీటర్లు పైకెత్తవలయును. అట్లు ఎత్తిన శక్తి ఎక్కడికిని పోదు. దిగునప్పుడు అది మరల వెలువడును. ఆ శక్తి యంతయు వేడిగా మారినచో, ఇరువది లీటర్ల చన్నీటిని మరుగునట్లు చేయుటకు చాలును. చోదకుడు కాలితో బ్రేకును మాత్రమే నమ్ముకొని దిగినచో, ఈ వేడిలో అధికభాగమును చక్రములవద్ద నుండు చిన్న బ్రేకులే భరింపవలసి యుండును.

బ్రేకులు మితిమీరి కాగినప్పుడు వాని పట్టు సడలును. బ్రేకుగొట్టములలోని ద్రవము మరగి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నొక్కుడు పడదు కావున పాదపు ఒత్తిడిని చక్రములకు చేర్చును. ఆవిరి అట్లు కాదు. అది నొక్కుడు పడును. అప్పుడు కాలు అడుగంట నొక్కినను బండి నిలువదు. ముందు మలుపు, ప్రక్కన లోయ! ఘాటురోడ్డుమీది ప్రమాదములలో కొన్నింటికి ఇదియే మూలము.

ఈ ఆపదను తప్పించు సాధనము ప్రతి కారులోను ఉన్నది. అదియే గేరుపెట్టె. దాని లోపల పెద్దవియు చిన్నవియు నగు పళ్ళచక్రములు ఒకదానితో నొకటి కలిసి తిరుగుచుండును. పండ్రెండు పళ్ళు గల చక్రము ముప్పదియారు పళ్ళు గల చక్రమును త్రిప్పినచో, చిన్నది మూడు చుట్లు తిరుగునప్పటికి పెద్దది ఒక్క చుట్టు తిరుగును. వేగము మూడవవంతగును, త్రిప్పు బలము మూడింతలగును. మొదటి గేరులో బలము హెచ్చు, వేగము తక్కువ. చివరి గేరులో వేగము హెచ్చు, బలము తక్కువ.

అలిపిరి మెట్లదారిని నడచు యాత్రికుని చూడుడు. చదునైన చోట పెద్ద అంగలు వేయును. మోకాళ్ళ పర్వతము చేరగానే అంగలు చిన్నవగును. దిగునప్పుడు మోకాళ్ళు నొవ్వకుండుటకై మరల చిన్న అడుగులే వేయును. కారునకు గేరును అట్టిదే. తక్కువ గేరులో నుంచి ఆక్సిలరేటరునుండి కాలు తీసినచో, చక్రములే ఇంజనును త్రిప్పవలసి వచ్చును. ఇంజను ఆ త్రిప్పుడునకు అడ్డుపడి బండిని వెనుకకు లాగి పట్టును. బ్రేకులపై భారము తగ్గును. ఏ గేరున ఎక్కుదుమో ఆ గేరుననే దిగవలయునని అనుభవజ్ఞులైన చోదకులు చెప్పుట ఇందులకే.

కొందరు పెట్రోలు మిగులునను ఆశతో గేరు తీసివేసి, అనగా న్యూట్రలులో నుంచి, దిగుదురు. ఇది పొరపాటు. నేటి ఇంజనులలో గేరు వేసి కాలు తీసినచో ఇంధనము పోవుట దాదాపు నిలిచిపోవును. న్యూట్రలులోనైతే ఇంజను ఆగిపోకుండుటకు కొంత ఇంధనము కాలుచునే యుండును. ఇంజనునే ఆపివేయుట మరింత అపాయకరము. బ్రేకునకు తోడుపడు బలము కొద్ది నొక్కులతోనే తరిగిపోవును, స్టీరింగు బిగియును.

పూర్వపు కార్లలో గేరు మార్చుట ఒక విద్యగా నుండెను. పళ్ళు ఒకదానితో నొకటి ఒరసికొని గరగర శబ్దము చేసెడివి. 1928లో అమెరికాలోని కాడిలాక్ సంస్థ, కలియబోవు చక్రముల వేగములను ముందుగా సమానము చేయు సింక్రోమెష్ అను ఏర్పాటును తన కార్లలో ప్రవేశపెట్టెను. 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో తనంతట తానే గేరు మార్చుకొను పెట్టె వచ్చెను. మన దేశమున 2014లో మారుతి సుజుకి సంస్థవారు సెలెరియో అను చిన్నకారులో ఏ.ఎం.టి. పద్ధతిని తెచ్చిరి. పిమ్మట సామాన్య కుటుంబములకును ఆటోమేటిక్ కారు అందుబాటులోనికి వచ్చినది.

చేతితో మార్చు గేరుల కారు వెల తక్కువ. చిన్న ఊరి షెడ్డులోనైనను దానిని బాగుచేయు మెకానిక్కు దొరకును. గేరు పూర్తిగా చోదకుని అధీనమున నుండును. అయితే తిరుపతి వీధులలో రద్దీ వేళ క్లచ్చి త్రొక్కి త్రొక్కి ఎడమకాలు అలసిపోవును. ఏ.ఎం.టి.లో ఉండునది అట్టి గేరుపెట్టెయే. క్లచ్చిని త్రొక్కుటయు గేరు మార్చుటయు యంత్రము చేయును. వెల కొంత తక్కువే గాని, గేరు మారునప్పుడు చిన్న కుదుపు తోచును. టార్క్ కన్వర్టరు గల కారులో రెండు పంకాల వంటి చక్రములు నూనెలో ఎదురెదురుగా నుండును. ఒకటి తిరిగి నూనెను త్రోయగా రెండవది తిరుగును. చడావులో అది మెత్తగా సాగును, వెల హెచ్చు. సి.వి.టి.లో గేరులకు బదులుగా రెండు కప్పీల నడుమ పట్టీ తిరుగును.

ఆటోమేటిక్ కారు కొనువారు అమ్మువానిని తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: కొండ దిగునప్పుడు తక్కువ గేరును పట్టి యుంచుట కెట్లు? 'డి' గుర్తునందే వదలినచో, వేగము పెరుగగానే పెక్కు కార్లు తమంత తామే పై గేరునకు పోవును. అప్పుడు ఇంజను పట్టు తగ్గిపోవును. కావున 'ఎల్' గుర్తుగాని, చేతితో గేరు నెంచుకొను వీలుగాని ఉన్నదా యని చూచుకొనవలయును. దిగుట ప్రారంభింపక మునుపే దానిని వాడవలయును.

మంచి గేరుపెట్టె యైనను పోషణ లేనిదే నిలువదు. క్లచ్చిమీద ఎల్లప్పుడు కాలు ఆనించి యుంచరాదు, పలక అరిగిపోవును. చడావున ఆగవలసివచ్చినప్పుడు సగము క్లచ్చితో బండిని నిలుపరాదు. ఏ.ఎం.టి. కారును ఆక్సిలరేటరుతో పట్టి యుంచుటయు అట్టిదే. అప్పుడు చేతిబ్రేకు వేయవలయును. గేరునూనెను, బ్రేకుద్రవమును కారుతో నిచ్చిన పుస్తకములో చెప్పిన రకమువే పోసి, చెప్పిన గడువులలో మార్పింపవలయును. బ్రేకుద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన కొలది అది త్వరగా మరగును. మాడువాసన, గేరు పడునప్పుడు గరగర, కారు నిలిచిన చోట నూనెమరక — వీనిలో ఏది కనబడినను కొండదారి పట్టక ముందే మెకానిక్కునకు చూపవలయును.

తిరుమలకే గాక భాకరాపేట ఘాటునకును, పలమనేరు త్రోవలోని మొగిలి ఘాటునకును ఈ సూత్రమే వర్తించును. ఎక్కునప్పుడు చోదకుడు తప్పు చేసినచో చాలవరకు బండి ఆగిపోవును, అంతే. దిగునప్పుడు తప్పు చేసినచో బండి ఆగదు. ఎక్కుటకు 28 నిమిషములును, దిగుటకు 40 నిమిషములును నిర్ణయించుటలోని వివేకము ఇదియే. ఆ హెచ్చు నిమిషములు వృథాగా పోవునవి కావు. ఇంటివద్ద ఎదురుచూచువారి కొరకు చోదకుడు దాచి యుంచునవి.