కానుగ నూనెతో డీజిల్: 60 డిగ్రీల దగ్గర ఎందుకు ఆగాలి? మా డ్రమ్ము చెప్పిన పాఠం (వీడియోతో)

పోయిన వీడియోలో కానుగ పిండిని చేనుకు ఎట్లా వాడుతున్నామో చూపించాను కదా, అప్పటి నుంచి ఒకటే ఫోన్లు. "పిండి సంగతి సరే తమ్మీ, గానుగలో దిగిన నూనె ఏం జేస్తున్నవ్?" అని. ఈసారి ఆ నూనె గురించే. దాంతో డీజిల్ చేసి ఇంజన్‌కు పోస్తున్నాను. మొదట్లో బాగా చెడగొట్టాను, అది కూడా దాచకుండా చెప్తా.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు. ఇంటి దగ్గర బోరుకు కరెంటుంది. కుంట పక్కన చెలకకు మాత్రం లైను లేదు, 5 హెచ్‌పీ డీజిల్ ఇంజనే దిక్కు. యాసంగి పల్లికి ఊడలు దిగే టైములో ఆ ఇంజన్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి విప్పితే ఫిల్టర్ నిండా జిగురు, ఇంజెక్టర్ మూతికి మసి పేరుకుపోయింది. అది నేను చేసిన డీజిలే. మా నాయిన గట్టు మీద నిలబడి ఒక్క మాటే అన్నడు: "ఇంజన్‌కు నీ నూనె తాపితివి. ఇప్పుడు చేనుకు ఏం తాపుతవ్ రా?" పక్క చేను కాకను బతిమాలి ఇంజన్ తెచ్చి రెండు తడులు పెట్టుకున్నాం. గింజలు ఏరి తెచ్చిన ఆడోళ్లకు ఇంకా పైసలు బాకీ ఉన్నాను. అటు నూనె పాయె, ఇటు పరువు పాయె.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే డ్రమ్ములో ఏం జరుగుతదో తెలియాలి. కానుగ నూనె చిక్కగా ఉంటది. ఒక్కో నూనె అణువులో ఒక గ్లిజరిన్ ముక్కను పట్టుకుని మూడు కొవ్వు గొలుసులు ఉంటయి. మిథనాల్ వచ్చి ఆ మూడింటినీ విడదీసి తనతో కలుపుకుంటే పల్చటి బయోడీజిల్ తయారైతది, గ్లిజరిన్ అడుక్కి దిగుతది. ఈ మార్పును తొందరగా జరిపించే ఉత్ప్రేరకం కాస్టిక్ పొటాష్. పెండ్లిళ్ల పేరయ్య లాంటిది అనుకోండి, ఇద్దరినీ కలిపి తను పక్కకు తప్పుకుంటది. 50 లీటర్ల నూనెకు నేను 10 లీటర్ల మిథనాల్, దాదాపు 450 గ్రాముల పొటాష్ వాడుతున్నాను.

ఇక వేడి సంగతి. మిథనాల్ 64.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతది. చల్లగా ఉంటే పని నత్తనడక. మరీ వేడైతే మిథనాల్ ఆవిరైపోతది, పైగా పొటాష్ డీజిల్ చేయడం మాని నూనెను సబ్బు చేయడం మొదలుపెడుతది. అందుకే 55 నుంచి 60 మధ్యలో గంట, గంటన్నర నిలబెట్టాలి. ఇదంతా నాకు తెలుసు. డిప్లొమా చదివినవాణ్ణి, కాగితం మీద రాసుకున్నా కూడా.

కానీ అది డిసెంబర్ పొద్దున, చలి. తొందరపడి నీళ్లు కాచుకునే హీటర్ రాడ్‌ను నేరుగా డ్రమ్ములో దించాను. థర్మామీటర్ మాత్రం పైన మూత దగ్గర పెట్టిన. అది 58 చూపిస్తుంటే నేను ఖుషీగా ఉన్నా. కింద రాడ్ చుట్టూ నూనె ఎంత కాలిందో ఎవరికి తెలుసు? అక్కడ మిథనాల్ మరిగి మూత సందుల్లోంచి ఆవిరై పోయింది. సగం నూనె నూనెగానే మిగిలింది. డ్రమ్ము మొత్తానికి ఒకే వేడి ఉంటదని నమ్మడమే నా తప్పు.

ఆ రోజు నేను పోగొట్టుకున్నది నూనె మాత్రమే, అది నా అదృష్టం. మిథనాల్ ఆవిరికి నిప్పురవ్వ చాలు. పైగా దాని మంట పగటి ఎండలో కంటికి కనిపించదు. కడుపులోకి పోతే చూపు పోతది, ప్రాణమే పోవచ్చు. అనుమతి లేకుండా తెచ్చుకోవద్దు, పిల్లలు తిరిగే చోట అసలే వద్దు, పొయ్యి మీద డ్రమ్ము పెట్టే ఆలోచనే రావద్దు.

ఇప్పుడు ఏం మార్చానో వీడియోలో డ్రమ్ము విప్పి చూపించాను. నూనె డ్రమ్మును పెద్ద నీళ్ల డ్రమ్ములో కూర్చోబెట్టిన. హీటర్ నీళ్లల్లోనే ఉంటది, నూనెకు తగలదు. పాలు మాడకుండా గిన్నె కింద నీళ్లు పెట్టి కాచినట్టు. నీళ్లకు థర్మోస్టాట్, నూనెకు రెండు థర్మామీటర్లు, ఒకటి అడుగున, ఒకటి పైన. చిన్న పంపు కింది నూనెను పైకి తిప్పుతనే ఉంటది. రెంటికీ తేడా 2 డిగ్రీలు దాటితే పంపు సరిగ్గా తిరగట్లేదని అర్థం. మూత మీద నిలువుగా పైపు పెట్టి చుట్టూ చల్లనీళ్లు పారిస్తున్నా. లేచిన మిథనాల్ ఆవిరి చల్లబడి మళ్లీ డ్రమ్ములోకే చుక్కలు చుక్కలుగా పడుతది.

ఇంకో రెండు మాటలు. నూనెలో తడి ఉండొద్దు. మిథనాల్ కలపకముందే 105 డిగ్రీల దాకా వేడి చేసి తడి పోగొట్టి, 55కు చల్లార్చాకే ముందుకు పోవాలి. రెండోది, నిల్వ గింజల నూనెలో పులుపు, అంటే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అది 2, 3 శాతం దాటితే నేరుగా పొటాష్ వేయొద్దు, మిగిలేది సబ్బే. ముందు కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో 60 డిగ్రీల దగ్గర ఒక దఫా నడిపి పులుపు తగ్గించుకోవాలి.

డీజిల్ అయిందా లేదా అని మా పరీక్ష తేలిక. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల డీజిల్ పోసి ఊపాలి. పూర్తిగా కలిసిపోతే సరే. అడుగున నూనె బొట్లు కనబడితే మిగులు నూనె ఉన్నట్టు. ఇక్కడ కూడా వేడి మోసం చేస్తది. ఈ పరీక్ష 20 డిగ్రీల చుట్టూ చేయాల్సింది. మన పాలమూరు ఎండల్లో చేస్తే మిగిలిన నూనె కూడా కొంత కరిగి పాసైనట్టే కనిపిస్తది. నేను సీసాలను కుండలో చల్లబరిచి చేస్తాను.

పెద్ద ఫ్యాక్టరీల బాధ వేరే. నూనెకు హైడ్రోజన్ పట్టించి డీజిల్ చేసే చోట 300 డిగ్రీలకు పైన నడుస్తది, ఆ చర్య తనంతట తానే వేడి పుట్టిస్తది. మనం వేడి చేయడానికి తిప్పలు పడితే వాళ్లు చల్లార్చడానికి పడుతరు. ఉత్ప్రేరకాన్ని అరలు అరలుగా నింపి, మధ్య మధ్యలో చల్లటి హైడ్రోజన్ వదులుతరు. ఒక్క చోట వేడి ఎక్కువైనా ఉత్ప్రేరకం మీద బొగ్గు పేరుకుని పనికిరాకుండా పోతది. ఒక చోటి వేడి చూసి డ్రమ్మంతా అంతే అనుకోవద్దన్న సూత్రం వాళ్లకూ, నాకూ ఒకటే.

కానుగ మనకు కొత్తది కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మితే 645 డాలర్లు వచ్చాయి. ఇక్రిశాట్ వాళ్లు తోడున్నారు. ఈ ముచ్చట చెప్తే మా ఊరి అక్కలు నమ్మలేదు.

"ప్రకృతి వ్యవసాయం చేస్తూ మిథనాల్ ఏంది అన్నా?" అని అడిగే తమ్ముళ్లున్నరు. న్యాయమైన ప్రశ్నే. మిథనాల్ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తది, కాబట్టి నా డీజిల్ పూర్తిగా చెట్టు డీజిల్ అని చెప్పను. కూలీ లెక్క కడితే బంకు డీజిల్ కన్నా చవక అని కూడా చెప్పను. నాకు అసలు లాభం పిండి దగ్గరే. 200 కిలోల పప్పు ఆడిస్తే 50 లీటర్ల నూనె, 150 కిలోల దాకా పిండి. పిండి నా చేనుకే. ఒక్క నూనె కోసమే అయితే ఈ పనికి దిగకండి.

మొన్న బ్యాచ్ నడుస్తుంటే నాయిన వచ్చి కింది థర్మామీటర్ దగ్గర కూర్చున్నడు. "యాభై తొమ్మిది రా" అన్నడు. నేను థర్మోస్టాట్ ఒక గీత తగ్గించిన. ఆ డీజిల్‌తో ఇంజన్ ఎట్లా నడుస్తుందో వీడియో ఆఖర్లో ఉంది, సౌండ్ పెట్టుకుని చూడండి.